రిసీవర్‌లో మాట వినిపించకపోతే...

ప్రశ్న: మా ఇంట్లో బటన్ల ల్యాండ్‌లైన్ ఉంది. మా మాట అవతలివాళ్లకు వినిపిస్తోంది, వాళ్ల మాటే మాకు వినిపించడం లేదు. స్పీకర్ మార్చాలా?
- ఓ పాఠకురాలు, కార్వాన్, హైదరాబాద్

జవాబు: ముందు రిసీవర్‌ను ఫోన్‌కు కలిపే మెలికల తీగను అనుమానించండి. అందులో నాలుగు వైర్లుంటాయి: రెండు మైకుకి, రెండు స్పీకర్‌కి. లాగి లాగి స్పీకర్ వైరు ఒకటి తెగినా ఇదే లక్షణం. వేరే ఫోన్ తీగ పెట్టి చూడండమ్మా.

అప్పటికీ వినిపించకపోతే లైన్ పిన్ను తీసేశాకే రిసీవర్ విప్పండి. రింగ్ వచ్చేటప్పుడు లైన్లో 75 వోల్టుల దాకా ఉంటుంది, చెయ్యి జిల్లుమంటుంది. స్పీకర్ వైర్లకు పెన్సిల్ సెల్ ఒక్క క్షణం తాకించండి. టిక్కుమంటే స్పీకర్ బాగున్నట్టే. ఉలుకూ పలుకూ లేకపోతే మార్చాల్సిందే.

కొత్తది కొనేటప్పుడు సైజొక్కటే చూడకండి. ఫోన్ స్పీకర్లు చాలావరకు 150 ఓంలవి. రేడియోలోని 8 ఓంలది అతికిస్తే గొంతు పీలగా వస్తుంది. పాతది చేతిలో పట్టుకుని కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లండి, ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాలన్నీ అక్కడే. వైర్లు టంకం వేసేటప్పుడు కావియా ఎక్కువసేపు ఆనించొద్దు, లోపలి సన్న తీగ ఊడుతుంది.

ఐటీఐ కంపెనీ పాత నల్ల డయల్ ఫోన్లకైతే ఈ తంటా ఉండేది కాదు. చెవి దగ్గరి మూత తిప్పితే క్యాప్స్యూల్ ఊడి చేతికొచ్చేది!