కంప్యూటరు లోపల ప్యాకెట్ ప్రయాణం

మీ కంప్యూటరు తెర మీద ఒక బొమ్మ కనిపిస్తోందనుకోండి. అది ఎక్కడో ఉన్న మరో కంప్యూటరు నుంచి ఒకే ముద్దగా రాలేదు. చిన్న చిన్న ముక్కలుగా వచ్చింది. ఈ ముక్కలనే ప్యాకెట్లు అంటారు. వీటిని అందుకుని, సరిచూసి, వరుసగా పేర్చేది ఆపరేటింగ్ సిస్టమ్‌లోని నెట్‌వర్క్ స్టాక్. స్టాక్ అంటే దొంతర. ఇందులో పొర మీద పొర ఉంటుంది; ఒక్కో పొరకు ఒక్కో పని.

ఒక ప్యాకెట్ వెంట మనమూ వెళ్లి చూద్దాం.

మొదట అది నెట్‌వర్క్ కార్డుకు చేరుతుంది. కార్డు దాన్ని మెమరీలో ఉంచి, ప్రాసెసర్‌కు సంకేతం పంపుతుంది. దీన్నే ఇంటరప్ట్ అంటారు. ప్రాసెసర్ చేతిలో పని ఆపి ఇటు తిరుగుతుంది.

అడుగు పొర ఈథర్‌నెట్. ఇది 14 బైట్ల శీర్షిక చదివి, దాన్ని ఒలిచేసి, మిగిలినది పైకి అందిస్తుంది. తరువాతి పొర ఐ.పి. ఈ చిరునామా మనదేనా, శీర్షిక దారిలో చెడిందా అని చూస్తుంది. తేడా ఉంటే ప్యాకెట్‌ను అక్కడే పారేస్తుంది. ఆ పైది టి.సి.పి. ఇది పోర్టు సంఖ్యను బట్టి ఏ ప్రోగ్రాముకు ఇవ్వాలో తెలుసుకుంటుంది. 20వ ముక్క రాకుండా 21వది వస్తే, దాన్ని ప్రోగ్రాముకు ఇవ్వకుండా ఆపి ఉంచుతుంది. అందినంతవరకు అందిందని అవతలికి కబురు చేస్తుంది. కబురు రాకపోతే అవతలి కంప్యూటరు ఆ ముక్కను మళ్లీ పంపుతుంది.

మరి అందరూ ఒకేసారి మళ్లీ మళ్లీ పంపితే ఏమవుతుంది?

1986 అక్టోబరులో అమెరికాలో అదే జరిగింది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం సుమారు 400 గజాలే. ఆ దారిలో వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు, అంటే 800వ వంతుకు పడిపోయింది! రద్దీలో ప్యాకెట్లు పోయాయి. పోయినవాటిని మళ్లీ పంపారు. దాంతో రద్దీ ఇంకా పెరిగింది.

దీనికి విరుగుడును వాన్ జాకబ్సన్ 1988లో ప్రకటించాడు. ఆయన సవరించినది తీగలను కాదు, టి.సి.పి. పొరను. మొదట కొద్దిగా పంపాలి. అందిందన్న కబురు వచ్చిన కొద్దీ పెంచాలి. ప్యాకెట్ పోయిందని తెలియగానే తగ్గించాలి. ప్రతి కంప్యూటరూ ఇలా తనను తాను అదుపులో పెట్టుకుంటేనే దారి అందరికీ దక్కుతుంది. నేటి టి.సి.పి.కి కూడా ఇదే పునాది.

ఇక ఒక లెక్క. ఈథర్‌నెట్ శీర్షిక కాక ప్యాకెట్‌లో 1,500 బైట్లు పడతాయి. అందులో ఐ.పి. శీర్షికకు 20, టి.సి.పి. శీర్షికకు 20 పోతాయనుకుందాం. 1,46,000 బైట్ల బొమ్మకు ఎన్ని ప్యాకెట్లు కావాలి? మీరే చేసి చూడండి.