ఉద్యోగం చేస్తూ ఎమ్మెస్సీ: ఫీజు కట్టే ముందు చట్టం చెప్పేది వినండి

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ, అచ్యుతాపురం. ఈ ప్రాంతాల ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో బీఎస్సీ కెమిస్ట్రీతో చేరిన కుర్రాళ్లు, అమ్మాయిలు చాలామంది. హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద ఏళ్ల తరబడి చెయ్యి తిరిగినా, ప్రమోషన్ దగ్గరికి వచ్చేసరికి ఎమ్మెస్సీ లేదన్న మాట అడ్డుపడుతుంది. ఉద్యోగం మానేసి చదివే స్తోమత ఇంట్లో ఉండదు. దూరవిద్యే దారి. వాళ్లందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: ‘ఆ డిగ్రీ చెల్లుతుందా సార్?’

చెల్లుతుంది. రెగ్యులర్ డిగ్రీతో సమానంగా చెల్లుతుంది. యూజీసీ 2020 సెప్టెంబరులో తెచ్చిన దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల నిబంధనల్లోనే ఈ మాట ఉంది. 2022 సెప్టెంబరులో పబ్లిక్ నోటీసు ఇచ్చి మరోసారి స్పష్టం చేసింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు కూడా ఇలాంటి డిగ్రీలు పనికొస్తాయని 2015లోనే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. కాబట్టి ‘కరస్పాండెన్స్ చదువేగా’ అని ఎవరైనా తీసిపారేస్తే తలదించుకోనక్కర్లేదు.

అయితే ఈ సమానత్వానికి ఒక షరతు ఉంది. యూనివర్సిటీకి పేరుంటే చాలదు. మీరు చేరే కోర్సుకు, మీరు చేరే సెషన్‌కు, దూరవిద్య పద్ధతిలో నడపడానికి యూజీసీ అనుమతి ఉండాలి. అదే యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మ్యాథ్స్‌కు అనుమతి ఉండి కెమిస్ట్రీకి లేకపోవచ్చు. నిరుడు ఉన్నది ఈ ఏడు ఉండకపోవచ్చు. యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో సెషన్ల వారీగా జాబితా ఉంటుంది. అందులో యూనివర్సిటీ పేరుతో ఆగకుండా కోర్సు పేరు దాకా వెళ్లి చూడండి. ఆ పేజీని తేదీ కనిపించేలా ప్రింటు తీసి ఫీజు రసీదుతో కలిపి దాచుకోండి. పదేళ్ల తర్వాత ఎవరైనా ప్రశ్నిస్తే మిమ్మల్ని కాపాడేది ఆ కాగితమే.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు ఒరిస్సా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్ కేసులో ఇచ్చిన తీర్పు చదివితే గుండె బరువెక్కుతుంది. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజినీరింగ్ డిగ్రీలు ఇచ్చాయి. 2001-05 మధ్య చేరినవాళ్లు మళ్లీ పరీక్ష రాసి నెగ్గాల్సి వచ్చింది. ఆ తర్వాత చేరినవాళ్ల డిగ్రీలు రద్దయ్యాయి. వాటి ఆధారంగా వచ్చిన ప్రమోషన్లూ పోయాయి. తప్పు చేసింది సంస్థలు. ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు చదివినవాళ్లు దాని ఫలితం అనుభవించారు. ఇది న్యాయమా అని అడిగితే నా దగ్గర ఓదార్పు మాట లేదు. ముందుగా చూసుకోవడం ఒక్కటే రక్షణ.

సైన్సు విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాల్సింది ఇంకోటుంది. బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్ సైన్స్, క్లినికల్ న్యూట్రిషన్, సైకాలజీ కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి యూజీసీ నిషేధించింది. ఇప్పుడు ఎవరైనా ‘దూరవిద్యలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ’ అంటూ సీటు చూపిస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. స్టడీ సెంటర్లను ఫ్రాంచైజీకి ఇవ్వడం కూడా నిషిద్ధమే. కెమిస్ట్రీకి ల్యాబు లేని అద్దె గదిలో అడ్మిషన్ రాసుకుంటున్నారంటే అనుమానించాల్సిందే. అడ్మిషన్‌కు ఇప్పుడు యూజీసీ దూరవిద్య విభాగం (డెబ్) పోర్టల్‌లో తీసుకునే డెబ్ ఐడీ తప్పనిసరి. దాన్ని మీరే తయారు చేసుకోండి, ఏజెంటు చేతికి ఇవ్వకండి. పాత తేదీతో డిగ్రీ ఇప్పిస్తామనే మాట నమ్మి ఆ కాగితాన్ని కంపెనీలో పెడితే, ఫోర్జరీ పత్రం వాడిన నేరం మీ మీదే పడుతుంది.

ఇక సెలవులు. కాంటాక్ట్ క్లాసులు, ప్రాక్టికల్స్ వచ్చినప్పుడే నైట్ షిఫ్టు పడుతుంది. చదువు కోసం సెలవు ఇచ్చి తీరాలని ప్రైవేటు కంపెనీని బలవంతపెట్టే చట్టం లేదు. కానీ మీరు సంపాదించుకున్న వేతన సెలవు మీ హక్కు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ ప్రకారం ఏడాదిలో 180 రోజులు పనిచేసిన కార్మికుడికి ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు సెలవు వస్తుంది. పాత ఫ్యాక్టరీల చట్టంలో 240 రోజులు ఉండాలనేవారు. సూపర్‌వైజర్ హోదాలో ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ ఆర్డరు, కంపెనీ రూల్సే ఆధారం. టైమ్‌టేబుల్ రాగానే దాన్ని జతచేసి ఈమెయిల్‌లో సెలవు అడగండి. నోటిమాటగా అడిగిన సెలవుకు సాక్ష్యం ఉండదు. కోర్సులో చేరే ముందే చదువు సంగతి హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా తెలపడం మంచిది. ప్రభుత్వ ఉద్యోగులైతే ముందస్తు అనుమతి తీసుకోవాల్సిందే.

ఫలితాలు ఆపినా, ఫీజు గొడవ వచ్చినా 2023 యూజీసీ నిబంధనల ప్రకారం ముందు యూనివర్సిటీలోని విద్యార్థి ఫిర్యాదుల కమిటీకి రాయండి. అక్కడ తేలకపోతే 15 రోజుల్లోగా అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. మార్కుల మీద అనుమానముంటే దిద్దిన జవాబుపత్రం చూసే హక్కు సమాచార హక్కు చట్టం కింద ఉందని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. వినియోగదారుల కోర్టు సంగతి కొంచెం చిక్కు. యూనివర్సిటీ పరీక్షల నిర్వహణ ‘సేవ’ కిందకు రాదన్న తీర్పులున్నాయి. కానీ గుర్తింపు లేకుండానే ఉందని ప్రకటించి విద్యార్థులను చేర్చుకున్న ఒక డెంటల్ కాలేజీ పరిహారం కట్టాల్సిందేనని 2009లో సుప్రీంకోర్టే తేల్చింది. కాబట్టి ఆనాటి ప్రకటన, బ్రోచరు, వాట్సాప్ సందేశాలు పారేయకండి.

చివరగా ఒక విన్నపం. కంపెనీయే ఫీజు కట్టి బాండు అడిగితే తేలిగ్గా తీసుకోకండి. కనీస సర్వీసు షరతు, మధ్యలో మానేస్తే రూ. 2 లక్షలు కట్టాలన్న బ్యాంకు నిబంధన చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఎన్నేళ్లు, ఎంత మొత్తం, మీరే మానేస్తేనా లేక వాళ్లు తీసేసినా కట్టాలా అన్నవి స్పష్టంగా రాయించుకోండి. కాపీ అడిగి తీసుకోండి. ఖాళీ బాండు పేపరు మీద, ఖాళీ చెక్కు మీద మాత్రం సంతకం పెట్టకండి.