జిజ్ఞాసువుతో గృహవాసము

మన యిండ్లలో శిశువునకు అన్నప్రాశనము జరుపునాడు, పాయసము నాకించిన పిమ్మట, పుస్తకమును, కలమును, బంగారమును, పూవులను, కత్తిని, అన్నపుగిన్నెను వరుసగా ఎదుట నుంచి, వాడు బోర్లపడి ప్రాకుచు వచ్చి దేనిని ముట్టునో యని తాతయు, అమ్మమ్మయు, ఇరుగుపొరుగువారును ఆత్రముతో చూతురు. ఆనాడు ఆ చేయి చాచుటయే శుభసూచకము. ఏ వస్తువును పట్టుకొన్నను దానికొక మంచి యర్థము చెప్పి సంతోషింతురు. ఏడాది తిరిగిన పిమ్మట అదే బిడ్డ అదే పుస్తకమును అలమరనుండి లాగినను, అదే కత్తికై వంటగట్టువైపు చేయి చాచినను, ఇంటిల్లిపాదియు ఒక్క గొంతుతో "ముట్టుకోకు" అని కేకవేయుదురు. కత్తి విషయమున ఆ కేక న్యాయమే. పుస్తకమునకును, గరిటెకును, తాళపుచెవుల గుత్తికిని గూడ అదే కేక ఏల? నడుమ మారినవాడు బిడ్డ కాడు. వాని కుతూహలము మన పనికి అడ్డువచ్చుట ఆరంభించినది, అంతియే. ఆ అడ్డును మనమెట్లు స్వీకరింతుమో అదియే పెద్దవారి శీలమునకు నిత్యపరీక్ష యని నా దృఢవిశ్వాసము. వ్యక్తిత్వ వికాసమునకై గ్రంథములను, ఉపన్యాసములను ఆశ్రయించువారు సైతము ఇంటిలో ప్రొద్దుటినుండి రాత్రివరకు జరుగు ఈ పరీక్షను లెక్కకు తీసికొనకుండుట విచారకరము.

తల్లి పోపు వేయుచుండగా, నేలమీద కూర్చున్న ఏడాది బిడ్డ చెంచాను విడుచును, ఆమె తీసి యిచ్చును, మరల విడుచును, ఈసారి చేయి కొంచెము పైకెత్తి విడుచును, ఇంకొకసారి ప్రక్కకు చాచి విడిచి, అది దొర్లిపోయిన దిక్కునే తదేకముగా చూచును. ఇంతలో తల్లి అది మొండితనమని నిశ్చయించుకొనును. స్విట్జర్లండు దేశపు మనశ్శాస్త్రజ్ఞుడు జీన్ పియాజే తన మువ్వురు బిడ్డలను శైశవమునుండి శ్రద్ధతో పరిశీలించి వ్రాసికొన్న సంగతులను 1936లో ఒక గ్రంథముగా ప్రకటించెను. అందు ఆయన కుమారుడు పదినెలల వయసున వెల్లకిల పరుండి, చేతికందిన బొమ్మలను ఒక్కొక్కటిగా పట్టుకొని, చేతిని ఒకసారి నిలువుగను, ఒకసారి వాలుగను చాచి విడుచుచు, అవి పడిన చోటును పరికించిన వృత్తాంతము గలదు. పియాజే దృష్టిలో అది అల్లరి కాదు, ప్రయోగము. ఒక్క సంగతిని మాత్రము మార్చి, తక్కినదంతయు యథాతథముగ నుంచి, ఫలితమెట్లుండునో చూచుట ప్రయోగశాలలో పండితుడు చేయునదియు గదా! ఈ మర్మము తెలిసిన తల్లికి చెంచా పడిన చప్పుడు మునుపటివలె వినబడదు. ఓర్పనగా కోపమును పండ్ల నడుమ బిగించుకొనుట యని చాలమంది తలంతురు గాని, అట్టి ఓర్పు సాయంకాలము వరకు నిలువదు. ఎదుటివాడు చేయుచున్నదేమో ఎరిగినపుడు కోపమునకు కారణమే సన్నగిల్లును. చెప్పినదే చెప్పు వృద్ధుడగు తండ్రియెడను, పని నేర్చుకొనుచు తడబడు క్రొత్త ఉద్యోగియెడను మనకు కావలసినది ఈ యెరుకయే. దానిని అభ్యసించుటకు వంటయింటి నేలకు మించిన చోటు నాకు కనబడుట లేదు.

అయినను పోపు మాడిపోవుచుండగా ఎంతసేపని చూచుచుందుమను ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానము మనస్సులో కంటె ఇంటి అమరికలో ఎక్కువగా నున్నది. 1907 జనవరి 6వ తేదీన రోము నగరమున సాన్ లొరెంజో అను పేదల పేటలో శిశుగృహమును ప్రారంభించిన మరియా మాంటిసోరి 1939లో మదరాసు అడయారునకు వచ్చి, యుద్ధకారణమున 1946 వరకు మన దేశముననే నిలిచిపోయి, ఉపాధ్యాయులనేకులకు తన పద్ధతిని బోధించెను. ఆ పద్ధతిలో బల్లలును, అరలును బిడ్డ యెత్తునకు తగియుండును. పగులని పాత్రలకు మారుగా నిజమైన గాజుపాత్రలనే వాని చేతికిత్తురు, ఏలయన జాగ్రత్తను పాత్రయే నేర్పును. గాజుసంగతి ఎట్లున్నను, మన వంటయింటి క్రింది అరలో ఒక చిన్న చెంబు, రెండు గ్లాసులు, ఒక గరిటె వానివిగా కేటాయించుట ఎవరికి కష్టము? ఇక అందరాని వానిని నిజముగనే అందకుండ ఉంచవలెను: ఫినాయిలును, కిరసనాయిలును పానీయపు సీసాలలో పోసి ఉంచరాదు, గుండీలవంటి చిన్న బ్యాటరీలు నేలమీద ఉండరాదు, వేరుసెనగ పలుకు గాలిగొట్టమున చిక్కుకొనవచ్చును గనుక మరీ పసివారికి పెట్టరాదు, స్నానపుగదిలో నీరున్న బకెట్టును విడిచి రారాదు, జానెడు నీటిలో తలక్రిందులైనను పసిబిడ్డ తనంత పైకి లేవజాలడు. ఇంతవరకు చేసిన పిమ్మట "వద్దు" అను మాటను పొదుపరి రూకను వెచ్చించినట్లు వెచ్చింపవచ్చును. గడియకొకసారి వినబడు "వద్దు" బిడ్డ చెవికి వీథిలోని రొదతో సమానమగును. పొయ్యివద్ద మాత్రమే వినబడునది వాని చేతిని నిలుపును. "బూచాడు వచ్చును" అను బెదరింపునైతే నేనెంతమాత్రము ఒప్పుకొనజాలను. అది లేనివానిని చూపి భయపెట్టుట. బిడ్డకు చీకటియెడ భయము మిగులును గాని నిప్పుయెడ జాగ్రత్త అలవడదు.

మాటలు వచ్చిన పిమ్మట చేతుల ప్రయోగములకు ప్రశ్నలు తోడగును. మూడవయేటికి సమీపించుచున్న బిడ్డ గోడవైపు చూపి "బల్లి ఎందుకు కింద పడదు?" అని అడుగును. బల్లి మీద పడినచో ఫలమేమో చెప్పగల పెద్దలు మన యిండ్లలో కొల్లలుగా నున్నారు. అది పడకుండుటకు కారణము చెప్పగలవారు తక్కువ. అపుడు "దానికి జిగురుంటుంది" అని తోచినది చెప్పి తప్పించుకొనుట సులభము. "నాకూ తెలియదు నాన్నా, కనుక్కుందాం" అని పలుకుటకు కొంత ధైర్యము కావలెను; ఏలయన పసివాని కన్నులలో మనము సర్వజ్ఞులము, ఆ పదవిని వదలుకొనుట కష్టము. కనుగొనినచో ఎంత చక్కని సంగతి లభించును! దాని పాదములలో జిగురేమియు లేదు. కంటికానని అతిసూక్ష్మములైన రోమములు అసంఖ్యాకముగా నుండి, వాని కొనలకును గోడకును నడుమ గల అణువుల ఆకర్షణచేత అది నిలుచుచున్నది. బిడ్డకు ఇందులో కొంతయే అర్థమగును. తెలియనిదానిని తెలియదనుటయు, పిమ్మట తెలిసికొనుటయు పెద్దలు చేయు పనులేయని మాత్రము వానికి సంపూర్ణముగా అర్థమగును.

కఠోపనిషత్తులోని నచికేతుడు తప్పటడుగుల శిశువు కాడు, బాలుడు. అయినను కుమారుని ప్రశ్నను తండ్రి యెట్లు స్వీకరించెనో తెలుపు ఆ కథను నేనీ సందర్భమున తలంపక ఉండలేను. వట్టిపోయిన ముసలిగోవులను తండ్రి దానమిచ్చుచుండగా చూచి, తన్నెవరికి ఇత్తువని బాలుడు అడిగెను; బదులు రాకపోగా మరల, మరల అడిగెను. విసిగిన తండ్రి మృత్యువునకే ఇచ్చెదననెను. ఆ ప్రశ్న తన దానములోని లోపమును తాకినందుననే ఆయనకు అంత కోపము వచ్చెనని నేననుకొందును. మన విసుగులో సగము ఈ జాతిదే. యముని యింట మూడు రాత్రులు ఉపవసించిన ఆ బాలుడు మూడు వరములు పొందినపుడు, మొట్టమొదట కోరినది బ్రహ్మవిద్య కాదు, స్వర్గాగ్ని కాదు. తండ్రి కోపము చల్లారి, తిరిగివచ్చిన తన్ను గుర్తించి ప్రీతితో పలుకరింపవలెనని. పండితులు మూడవ వరమును విపులముగా వ్యాఖ్యానింతురు. గృహస్థునకు మొదటిది ముఖ్యము.

ఈ కాలమున ప్రశ్నను అణచుటకు కోపము కూడ అక్కరలేదు. సెల్‌ఫోను చేతికిచ్చినచో చాలును. రెండేండ్లలోపు బిడ్డలకు తెరముందు కాలక్షేపము తగదనియు, ఆపై నాలుగేండ్ల వరకు దినమునకు ఒక గంటకు మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. తండ్రి చేతిలోని తెరకు మాత్రము ఏ సంస్థయు హద్దు విధింపలేదు.

ఎవరిని అడుగవలెనో పసివాడు త్వరలోనే కనిపెట్టును. పలుమారు అది నాయనమ్మయే యగుట చూచితిని. ఆమె పని మాని వానిని ఒడిలో కూర్చుండబెట్టుకొనదు. కూర తరుగుచునే ఒక చిక్కుడుకాయను వాని చేతికిచ్చి, "ఈనె తీసి, లోపల ఏముందో నువ్వే చూసి చెప్పు" అనును. తండ్రియు ఇట్టి పని యొకటి తనకు కల్పించుకొనవచ్చును. మొక్కలకు నీరు పోయుట, బండి తుడుచుట, ఆరిన బట్టలు మడతపెట్టుట, వీనిలో ఏదైనను సరే, పసివాని చేతికి అందులో కొంత పని యుండి, తొందర లేకుండ జరుగునదైన చాలును.