ఎస్సైగా చేరితే చిన్నతనమా?

2018 సెప్టెంబరులో హైదరాబాద్ శివార్లలోని కొంగరకలాన్ సభ బందోబస్తులో ఓ తండ్రి కూతురికి సెల్యూట్ కొట్టారు. తండ్రి ఏఆర్ ఉమామహేశ్వర శర్మ అప్పటికి మల్కాజిగిరి డీసీపీ. కూతురు సింధు శర్మ 2014 బ్యాచ్ ఐపీఎస్, అప్పటి జగిత్యాల ఎస్పీ. అందరూ కూతురి హోదానే చూసి మురిశారు. 1985లో ఎస్సైగా చేరిన తండ్రి మెట్టు మెట్టు ఎక్కి ఐపీఎస్ హోదాకు చేరిన సంగతి మీద పెద్దగా చర్చ జరగలేదు.

‘పోలీసైతే ఐపీఎస్సే, ఎస్సైగా చేరితే పరువు తక్కువ’. కువైట్‌లోని ఫర్వానియా, అబ్బాసియా, మంగఫ్‌లలో ఉండే తెలుగు తల్లిదండ్రుల్లో ఈ పట్టింపు గట్టిగానే కనిపిస్తుంది. అక్కడి పోలీసు శాఖలో అధికారులయ్యేది కువైట్ పౌరులే కాబట్టి చూపంతా ఇండియా మీదే.

2024 సివిల్స్‌కు 9,92,599 మంది దరఖాస్తు చేశారు. ఎంపికైంది 1,009 మంది, అందులో ఐపీఎస్ ఖాళీలు 147. పదిహేనేళ్ల పిల్ల మీద ఈ అంకెలు మోపి, ‘ఇదొక్కటే నీ దారి’ అనడం ప్రోత్సాహం కాదు, హింస.

ఈ ఆశ మీదే వ్యాపారం నడుస్తోంది. ఆరో తరగతి నుంచే ‘ఐపీఎస్ ఫౌండేషన్’, ఇంటర్‌తో కలిపి సివిల్స్ అంటూ బోర్డులు వెలుస్తున్నాయి. సివిల్స్ రాయాలంటే 21 ఏళ్లు నిండాలి, డిగ్రీ ఉండాలి. సిలబస్ మారొచ్చు, అభ్యర్థి మనసూ మారొచ్చు. పదేళ్ల ముందు కొన్న ఫౌండేషన్ అప్పటికి ఎందుకు పనికొస్తుంది? ఖాదిం వీసా మీద ఇళ్లలో పనిచేసేవారికి కువైట్ 2016లో నిర్ణయించిన కనీస వేతనం నెలకు 60 దినార్లు. రాయచోటిలోనో రాజంపేటలోనో చదువుకునే బిడ్డ కోసం అలాంటి జీతంలోంచి మిగిల్చిన సొమ్మును ముందే మొత్తంగా కట్టించుకునే సంస్థకు ఇవ్వకపోవడమే మంచిది. బడి వయసులో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, రోజూ పేపరు, సాయంత్రం పరుగు చాలు. పైగా వీటికి ఖర్చూ తక్కువే. తర్వాత ఉద్యోగం తెచ్చిపెట్టే డిగ్రీ ఒకటి చేతిలో ఉండాలి.

ఎస్సైకి డిగ్రీ, మగవాళ్లకు 167.6 సెంటీమీటర్ల ఎత్తు కావాలి, ఆడవాళ్లకు 152.5 చాలు. గ్రామీణ స్టేషన్‌లో పాతికేళ్ల ఎస్సైయే స్టేషన్ హౌస్ ఆఫీసర్. పంచనామా, బందోబస్తు, కోర్టు సాక్ష్యం, అర్ధరాత్రి గొడవలు, తనకన్నా ఇరవై ఏళ్లు పెద్దవాడైన హెడ్ కానిస్టేబుల్‌తో పని చేయించడం అన్నీ మొదటి ఏడాదే మీద పడతాయి. నాయకత్వం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. ప్రమోషన్లు నెమ్మదే, సీఐ కావడానికి పదేళ్ల పైనే పట్టొచ్చు. అయినా దారి మూసుకుపోదు. రాష్ట్ర కేడర్‌లోని సీనియర్ ఐపీఎస్ పోస్టుల్లో మూడో వంతు వరకు రాష్ట్ర పోలీసు అధికారుల ప్రమోషన్లకే కేటాయించారు. ప్రకాశం జిల్లాకు చెందిన ఉదయ్ కృష్ణారెడ్డి కానిస్టేబుల్‌గా పనిచేసి, తర్వాత 2023 సివిల్స్‌లో 780వ ర్యాంకు తెచ్చుకున్నారు.

ఎస్సై, కానిస్టేబుల్ నియామకాలనే నమ్ముకుని కూర్చోవడమూ ప్రమాదమే. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నవంబరులో నోటిఫికేషన్ ఇచ్చిన కానిస్టేబుల్ పోస్టుల తుది ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి. అన్నాళ్లూ కోచింగ్ హాస్టల్ అద్దె కట్టుకుంటూ ఎదురుచూసే స్తోమత ఎన్ని ఇళ్లకుంది?

కువైట్‌లోనే బడి చదివే పిల్లలకు ఇంకో మెలిక ఉంది. దీని గురించి తల్లిదండ్రులు ఆలోచించేది చాలా తక్కువ. తెలంగాణలో 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడే స్థానికులు. 95 శాతం పోస్టులు వారికే. సాల్మియాలో ఏడో తరగతి దాటిన కుర్రాడికి మిగిలేది ఆ అయిదు శాతంలో పోటీ. అలాంటి పిల్లలకు కేంద్ర నియామకాలే నయం. ఢిల్లీ పోలీసు, కేంద్ర బలగాల్లో ఎస్సై పోస్టులను ఎస్ఎస్సీ, అసిస్టెంట్ కమాండెంట్ పోస్టులను యూపీఎస్సీ భర్తీ చేస్తాయి. రెండింటికీ 20 నుంచి 25 ఏళ్ల వయసు ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు సడలింపులున్నాయి. నీట్‌కు 2021లో కువైట్‌లోనే పరీక్ష కేంద్రం పెట్టారు కానీ, ఈ పరీక్షలకు ఇండియా రావాల్సిందే. రాతపరీక్షకు ఒకసారి, దేహదారుఢ్య పరీక్షకు ఇంకోసారి విమానం టికెట్లు ముందే లెక్కలో వేసుకోవాలి.