టిక్ వేరు, చెక్ వేరు



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మ తన బాబు నోట్‌బుక్ తెరిచి నా ముందు పెట్టారు. పేజీ చివర నేను పెట్టిన ఎర్ర టిక్కు ఉంది. పైన మూడో లైన్‌లో 'బిలీవ్' స్పెల్లింగ్‌లో 'ఐ', 'ఈ' అక్షరాలు తారుమారయ్యాయి. "మేడమ్, మీరు రైటు కొట్టారు కదా, మావాడు అలాగే నేర్చుకున్నాడు" అన్నారు. పొరపాటు నాదే. 'పేజీ చూశాను' అని నేను పెట్టిన గుర్తును బాబు 'అంతా కరెక్టు' అని చదువుకున్నాడు. అందుకే ఈ నెల పాఠం ఆ గుర్తు గురించే.

మనం ఇంట్లో 'రైటు మార్కు' అనే గుర్తును బ్రిటిష్ ఇంగ్లిష్‌లో 'టిక్' అంటారు, అమెరికన్ ఇంగ్లిష్‌లో 'చెక్ మార్క్' అంటారు. గుర్తు ఒకటే, పేర్లు రెండు. మన పాఠ్యపుస్తకాలు ఎక్కువగా 'టిక్' అనే వాడతాయి.

చిక్కు 'చెక్' దగ్గరే వస్తుంది. ఆ మాటకు సరిచూడడం అనే అర్థం కూడా ఉంది. ఈ మూడు వాక్యాలు పిల్లలతో చదివించండి:

1. 'టిక్ ద కరెక్ట్ ఆన్సర్' – సరైన జవాబుకు గుర్తు పెట్టు.
2. 'చెక్ యువర్ ఆన్సర్స్' – రాసిన జవాబులు మళ్లీ సరిచూసుకో. ఇక్కడ గుర్తు పెట్టే పని లేదు.
3. 'చెక్ ద బాక్స్' – అమెరికన్ ఫారాల్లో, ఆన్‌లైన్ అప్లికేషన్లలో కనిపిస్తుంది. గడిలో గుర్తు పెట్టమని అర్థం.

బ్యాంకు చెక్కు సంగతి వేరు. మన దగ్గర దాని స్పెల్లింగ్ చివర 'క్యూ, యూ, ఈ' వస్తాయి. అమెరికాలో మాత్రం దాన్నీ మామూలు 'చెక్' లాగే రాస్తారు.

ఈ గుర్తుకు అన్ని దేశాల్లో ఒకే అర్థం లేదు. జపాన్‌లో టీచర్లు సరైన జవాబుకు గుండ్రంగా సున్నా చుడతారు. టిక్కు పెడితే తప్పని అర్థం. ఫిన్లాండ్, స్వీడన్‌లలోనూ టిక్కు తప్పుకే గుర్తు. అంటే గుర్తుకు అర్థం ముందే చెప్పుకోవాలి.

భానూర్, పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల్లో పనిచేసే తల్లిదండ్రులకు చెక్‌లిస్ట్ కొత్త కాదు. ముందు మెషీన్ చెక్ చేస్తారు, తర్వాతే టిక్ పెడతారు. చెక్ అనేది పని, టిక్ ఆ పని జరిగిందనడానికి గుర్తు. చూడకుండా టిక్ పెడితే ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు.

ఈ నెల నుంచి నా క్లాసులో నోట్‌బుక్ చూశానంటే సంతకం, తేదీ ఉంటాయి. జవాబు సరైనదైతేనే పక్కన టిక్ ఉంటుంది. తప్పున్న మాట చుట్టూ సున్నా ఉంటుంది.

ఈ ఆదివారం పదినిమిషాలు మీ పిల్లల పక్కన కూర్చోండి. ఒక పేజీ తెరిచి, "ఈ టిక్కు ఎందుకు పెట్టారు?" అని అడగండి. వాళ్లు చెప్పలేకపోతే డైరీలో ఒక మాట రాసి పంపండి. నేను మళ్లీ చెక్ చేస్తాను.

మీ ఇంగ్లిష్ టీచర్