రాయి నొప్పి అని రాసే ముందు

క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీ చేసే కొత్త డాక్టర్లకు ఈ మాటలు. కడుపునొప్పి, నడుంనొప్పి అంటూ వచ్చేవాళ్లలో చాలామందివి మామూలు కారణాలే. రోజూ అవే చూసి చూసి, అందరినీ అదే గాటన కట్టేయడం మనకు అలవాటైపోతుంది.

అరవై దాటిన మనిషి, ఏళ్ల తరబడి బీడీలు కాల్చినవాడు, ఎడమ డొక్కలో మొదలై గజ్జల్లోకి దిగే నొప్పితో వచ్చాడనుకోండి. కిడ్నీలో రాయి అనే అనిపిస్తుంది. మూత్రంలో రక్తకణాలూ కనిపించవచ్చు. కానీ ఆ వయసులో రాయి నొప్పి మొదటిసారి వచ్చిందంటే నాకు నమ్మబుద్ధి కాదు. పొట్టలో అయోర్టా ఉబ్బి చిట్లినా నొప్పి అచ్చం ఇలాగే ఉంటుంది. డైక్లోఫినాక్ ఇచ్చి పంపేయకండి. బొడ్డుకు పైన అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టి అయోర్టాను కొలవండి. మామూలుగా 2 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, 3 దాటితే ఉబ్బినట్టే. చుట్టూ రక్తం కనబడలేదని ధైర్యపడవద్దు. వీపు వైపు కారిన రక్తం అల్ట్రాసౌండ్‌కు తరచూ చిక్కదు. బీపీ నిలకడగా ఉంటే కాంట్రాస్ట్ సీటీ తీయించండి. ఏదేమైనా సర్జన్‌కు ఫోన్ మాత్రం వెంటనే వెళ్లాలి.

మన పల్లెల నుంచి తెల్లవారుజామున ఇంకో రకం కేసు వస్తుంది. కడుపునొప్పి, వాంతులు, నొక్కి చూస్తే పొట్ట మెత్తగానే ఉంటుంది. రాత్రి ఎక్కడ పడుకున్నారో అడగండి. నేల మీద అంటే కట్లపామును అనుమానించండి. దాని కాటుకు వాపు పెద్దగా ఉండదు, గుర్తు కూడా కనిపించకపోవచ్చు, నిద్రలో కరిస్తే ఆ మనిషికే తెలియదు. రెప్పలు వాలుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, మింగలేకపోతున్నా యాంటీవీనమ్ మొదలుపెట్టండి. ట్యూబు, ఆంబూ బ్యాగు మంచం పక్కనే ఉండాలి. రెప్పలు బాగున్నాయని ఇంటికి పంపకండి, 24 గంటలు కనిపెట్టుకుని చూడండి.

షుగరు ఉన్నవాళ్లకు జ్వరంతో నడుంనొప్పి వస్తే వెన్నులో చీము పట్టిందేమో చూడాలి. తొడ ముడుచుకుని పడుకుని, కాలు చాపమంటే విలవిల్లాడితే సోయాస్ కండరంలో చీము చేరి ఉండవచ్చు. వెన్నెముక టీబీ నుంచి కూడా అది అక్కడికి దిగుతుంది. కాళ్లలో పట్టు తప్పినా, మూత్రం బిగిసినా ఎమ్మారై ఆ రోజే జరగాలి.

పై కడుపు నొప్పికి ఈసీజీ, వాంతులుంటే షుగరు, కీటోన్లు, పిల్లలు కనే వయసు ఆడవాళ్లందరికీ యూరిన్ ప్రెగ్నెన్సీ టెస్టు తప్పనిసరి.

అదే నొప్పితో రెండోసారి వచ్చినవాళ్లను పాత చీటీ మీద రాసినదాన్ని నమ్మకుండా మొదటి నుంచి పరీక్షించండి.