'ఎక్స్‌ప్రెస్': ఒక మాట, ఎన్నో అర్థాలు



జనగామ బస్టాండులో పల్లెవెలుగు పక్కన ఆగే బస్సు మీద 'ఎక్స్‌ప్రెస్' అని రాసి ఉంటుంది. రైల్వే స్టేషన్‌లోనూ అదే మాట వింటాం. తక్కువ చోట్ల ఆగి, త్వరగా పోయేది అని మనకు తెలుసు. కానీ పరీక్షలో 'ఎక్స్‌ప్రెస్ యువర్ ఒపీనియన్' అని అడిగితే తికమకపడతాం. బస్సుకూ అభిప్రాయానికీ ఏమిటి సంబంధం?

మాట పుట్టుక

లాటిన్ భాషలో 'ఎక్స్' అంటే బయటికి, 'ప్రెమెరె' అంటే నొక్కడం. రెండూ కలిస్తే, నొక్కి బయటికి తీయడం. చెరకు గడను మిషన్‌లో పెట్టి తిప్పితే రసం వస్తుంది కదా, అదే ఈ మాటకు మూలార్థం. 'ఎస్ప్రెస్సో' కాఫీకి ఆ పేరు కూడా ఇక్కడి నుంచే వచ్చింది. మనసులో ఉన్నదాన్ని బయటపెట్టడం తర్వాత వచ్చిన అర్థం.

ముఖ్యమైన అర్థాలు

1. క్రియగా: భావాన్ని తెలియజేయు, వ్యక్తం చేయు. మాటతోనే కాదు, రాత, పాట, బొమ్మ, ముఖకవళికలతో కూడా చేయవచ్చు.

2. విశేషణంగా: స్పష్టంగా చెప్పిన. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 9వ సెక్షన్ ప్రకారం మాటల్లో చేసిన వాగ్దానం 'ఎక్స్‌ప్రెస్', మాటల్లో కాకుండా మరో విధంగా చేసినది 'ఇంప్లైడ్'.

3. బండి విషయంలో: ఫలానా పనికే అని ప్రత్యేకంగా పంపిన మనిషిని, బండిని ఇంగ్లండులో ఎక్స్‌ప్రెస్ అనేవారు. అలాంటి బండి మధ్యలో ఎక్కువగా ఆగదు. అందుకే క్రమంగా 'వేగమైనది' అనే అర్థం స్థిరపడింది.

4. 'ఎక్స్‌ప్రెషన్' నామవాచకం. లెక్కల్లో దీన్ని సమాసం అంటాం. 3ఎక్స్ + 5 బీజీయ సమాసం; దానికి '= 11' చేరిస్తే సమీకరణం అవుతుంది. జీవశాస్త్రంలో జన్యు వ్యక్తీకరణ అంటాం. మన శరీర కణాలన్నిటిలో దాదాపు ఒకే జన్యువులున్నా, అన్నీ అన్నిచోట్లా పనిచేయవు. ఇక రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణ 'స్పీచ్'తో పాటు 'ఎక్స్‌ప్రెషన్' హక్కునూ ఇచ్చింది. అంటే నోటిమాటే కాదు, రాతకూ ముద్రణకూ రక్షణ ఉంది. మన సంచికలోని రాతలు కూడా ఆ హక్కు కిందికే వస్తాయి.

వాడేటప్పుడు జాగ్రత్త

'ఎక్స్‌ప్రెస్' తర్వాత ఏ భావమో రావాలి, మనిషి కాదు. 'హీ ఎక్స్‌ప్రెస్డ్ మీ హిస్ థాంక్స్' తప్పు. 'హీ ఎక్స్‌ప్రెస్డ్ హిస్ థాంక్స్ టు మీ' ఒప్పు. 'ఎక్స్‌ప్రెస్ అబౌట్ మై ప్రాబ్లం' అనకూడదు. 'అబౌట్' అవసరం లేదు. థాంక్స్, డౌట్, ఒపీనియన్, రిగ్రెట్ వంటి మాటలు దీని పక్కన చక్కగా ఇముడుతాయి. పలికేటప్పుడు ఊనిక 'ప్రెస్' మీద ఉండాలి.

మా అనుభవం

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. పీజీలో ఉండగా ఒక ఇంటర్వ్యూకు వెళ్లాం. అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులు తెలుసు. నోరు మాత్రం పెగలలేదు. తిరుగు ప్రయాణంలో బస్సు ఎక్కాక ఒక్కొక్కటిగా అన్నీ గుర్తొచ్చాయి. ఇంటికి పోతే బాపు "ఏమడిగిండ్రు?" అన్నాడు. ఆయనకు అన్నీ వివరంగా చెప్పాం, తెలుగులో. అప్పుడు అర్థమైంది, మాలో లేనిది చదువు కాదు, దాన్ని బయటికి తెచ్చే అలవాటు.

మరుసటి రోజు నుంచి ఒక పని మొదలుపెట్టాం. ఏదైనా ఒక విషయాన్ని ముందు తెలుగులో రెండు నిమిషాలు గట్టిగా చెప్పడం, తర్వాత అదే విషయాన్ని మూడు చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పడం. మీరూ స్టడీ అవర్ తర్వాత రోజుకొకరు చొప్పున చేయండి. తప్పు మాట్లాడితే నవ్వకండి. ఒక్కసారి నవ్వితే ఆ తమ్ముడు మళ్లీ నోరు తెరవడు.

మన జిల్లాలోని పాలకుర్తి పేరును తన పేరులో నిలుపుకున్న పాల్కురికి సోమనాథుడు సంస్కృత పండితుడే. అయినా అందరికీ అర్థం కావాలని జాను తెనుగులో, ద్విపదలో బసవపురాణం రాశాడు. ఎదుటివారికి చేరినప్పుడే అది ఎక్స్‌ప్రెషన్. ఇంగ్లీషు నేర్చుకుందాం, తెలుగును వదలకుండా. లోపల ఉన్నదాన్ని మాత్రం లోపలే ఉంచుకోవద్దు.